ఏడో రోజున పారేయని ప్లేటు

కింది అంతస్తు, మట్టి గది
మార్చి 11, సోమవారం, ఉదయం ఏడున్నర

మరదలికి,

నీ ఆడబిడ్డ ఆశీస్సులతో రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, నా డీప్ ఫ్రీజరు క్షేమం, అందులోని నాలుగు వందల పదిహేడు మట్టి క్రిముల గొట్టాలూ క్షేమం. అక్కడ, అంటే సరిగ్గా నా నెత్తిమీద రెండంతస్తుల పైన, నువ్వూ క్షేమమేనని తలుస్తాను.

నలభై రెండు మెట్లెక్కితే నీ గది. ఆమాత్రం దానికి ఉత్తరమేమిటని నవ్వకు. పోయిన వారం మూడుసార్లు ఎక్కాను. మొదటిసారి నువ్వు మీటింగులో ఉన్నావన్నారు. రెండోసారీ మీటింగే. మూడోసారి మీ గుమాస్తా నా మోకాళ్ళ మీద జాలిపడి, ఎందుకమ్మా ఊరికే ఆయాసపడతారు, ఏదున్నా రాతపూర్వకంగా ఇచ్చెయ్యండి, మేడం తీరిక చూసుకుని చదువుతారు అన్నాడు. సరే, ఇదిగో రాతపూర్వకంగానే ఇస్తున్నాను. తీరిక మాత్రం చూసుకోకు. శుక్రవారం దాకానే గడువు, అది నువ్వు పెట్టిందే.

నీ కాయితం అందింది. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా మట్టి గదిలోని గొట్టాలూ ప్లేట్లూ అన్నీ ఆటోక్లేవులో పెట్టి ఆవిరికి చంపేయాలి, ఫ్రీజరు తాళం స్టోర్సులో అప్పగించాలి, వచ్చే వారం నుంచి గదిని అట్టపెట్టెలకు వాడతారు. కాయితం అడుగున, మూడో అంతస్తు పెద్ద మేనేజరు హోదాలో, నీ సంతకం. అంతేనా, ఇంకేమైనా ఉందా?

జవాబు ముందే చెప్పేస్తాను, మిగతా కబుర్లు తర్వాత. నేను చెయ్యను. తాళం ఇవ్వను. ఆడబిడ్డ పెత్తనం అనుకుంటావా, అనుకో. నాలుగు నెలల్లో రిటైరవబోయే ముసలిదానికి మొండితనం తలకెక్కిందంటావా, అను. ఎందుకు చెయ్యనో మాత్రం పూర్తిగా వినాల్సిందే. ఇందులో నీకు తెలిసినవే ఎక్కువ. అయినా విడమర్చి రాస్తున్నాను, మీ పై గదుల్లో పెద్దలకు ఈ ఉత్తరం చూపించాల్సి వస్తే వాళ్ళకూ అర్థం కావాలి కదా.

నువ్వు ఈ గదిలో మొదటిసారి అడుగుపెట్టిన రోజు గుర్తుందా? కొత్త చెప్పులేసుకుని, ముక్కు మూసుకుని గుమ్మంలోనే నిలబడిపోయావు. ఇదేం వాసనండీ అన్నావు. వాన పడ్డప్పుడు నేలలోంచి వస్తుందే, అదే వాసన, మాకు వానతో పని లేకుండా రోజూ వస్తుంది అన్నాను. ఆ వాసన మట్టిలో ఉండే బాక్టీరియాదనీ, రోగాల క్రిములను చంపే మన మందుల్లో చాలామటుకు దాని కడుపునే పుట్టాయనీ చెప్పాను. నువ్వు ముక్కు మీంచి చెయ్యి తీసి గట్టిగా ఊపిరి పీల్చావు. ఈ పిల్ల నిలబడుతుంది అనుకున్నాను. నిన్ను మా ఇంటికి తెచ్చుకోవాలన్న ఆలోచన కూడా ఆ రోజే వచ్చింది, చెప్పలేదంతే.

మన మట్టి ఆచారం ఎంత సరదాగా ఉండేది! సెలవు మీద ఎవరు ఎక్కడికెళ్ళినా ఒక చెంచాడు మట్టి పొట్లం కట్టి తేవాలి. వ్యాను డ్రైవరు తెచ్చేవాడు, క్యాంటీను ఆవిడ తన పూలకుండీలోది తెచ్చేది. పొట్లం మీద ఎక్కడి మట్టో, ఏ రోజు తీశారో రాయాలి. రిజిస్టరులో ఆఖరి గడి తెచ్చినవాళ్ళ పేరుకి. ఎవరి మట్టిలోనైనా పనికొచ్చేది దొరికితే మిగతా వాళ్ళంతా కలిసి వాళ్ళకు వారం రోజులు టీ పోయించాలి. గేటు దగ్గరి కాపలాదారు ఒకసారి వాళ్ళత్తగారి పెరట్లో మట్టి తెచ్చి, మా అత్త నడిచిన చోట ఏ క్రిమీ బతకదు, టీ నాదే రాసి పెట్టుకోండి అన్నాడు. దొరకలేదనుకో. వాళ్ళత్తకి మాత్రం ఎవరో చేరవేశారు.

ఆ మట్టిని నీళ్ళలో కలిపి, బాగా పల్చన చేసి, ప్లేటు మీద పరిచి వెచ్చటి అరలో పెడతాం. చుక్కలు చుక్కలుగా లేస్తాయి. ఒక్కో చుక్కనూ రోగం తెచ్చే క్రిమి పక్కన పెట్టి చూస్తాం. చుట్టూ ఆ క్రిమి పెరగకుండా ఖాళీగా ఒక ఉంగరంలా కనబడిందా, ఇక ఆ పూట మన కాళ్ళు నేల మీద ఉండేవి కావు. మట్టిలో వాటికి చోటు కోసం, తిండి కోసం ఎప్పుడూ కొట్లాటే. పక్కదాన్ని దగ్గరికి రానివ్వకుండా ఒకటి ఊరే రసమే మన మందు. మనం కొత్తగా పుట్టించిందేమీ లేదు, వాటి తగాదాలోంచి ఎత్తుకొచ్చాం.

ఆ తర్వాతి పని నా తమ్ముడిది, నీ మొగుడిది. ఆవగింజంత చుక్కను ముందు గాజు కుప్పెలో పెంచాలి, తర్వాత చిన్న ట్యాంకులో, చివరికి మూడంతస్తుల ఎత్తు ట్యాంకులో. చక్కెర, సోయాపిండి తిండి. అడుగు నుంచి శుభ్రమైన గాలి పంపాలి, లోపల తెడ్డు ఆగకుండా తిరగాలి, వేడి ఒక డిగ్రీ అటూ ఇటూ కాకూడదు. ఆరేడు రోజులకు ట్యాంకు నిండా గోధుమరంగు గంజి తయారవుతుంది. దాన్ని వడగట్టి, అందులోని మందును ద్రావకంలోకి లాగి, స్ఫటికాలు కట్టించి ఆరబెడితే తెల్లటి పొడి. అంత పెద్ద ట్యాంకుకు కొన్ని డ్రమ్ములొస్తాయి. మధ్యలో ఒక్క బయటి క్రిమి దూరిందా, మొత్తం మురుగుపాలే.

వాడు మీటర్లు చూసేవాడు కాదు, ట్యాంకు గోడకు చెవి ఆనించి వినేవాడు. ఆకలేస్తోంది దీనికి, చక్కెర పెంచండి అనేవాడు. చెప్పింది చాలాసార్లు నిజమయ్యేది. ఒక్కసారి తప్పింది. నురుగు అణిచే నూనె వెయ్యడం మరిచి నీతో కబుర్లాడుతూ నిలబడితే, నురుగు పై గొట్టంలోంచి తన్నుకొచ్చి వాణ్ణి తల నుంచి కాళ్ళ దాకా ముంచేసింది. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీ అంతటికీ వాడి పేరు నురుగు. ఆ నురుగులో నిలబడే నన్ను చేసుకుంటావా అని నిన్నడిగాడనీ, ముందు మొహం కడుక్కో అని నువ్వన్నావనీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నవ్వొస్తుంది నాకు. నవ్వీ నవ్వకముందే కళ్ళు తడుస్తాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు కష్టమైన భాగం రాయాలి. రాస్తాను, నేనేమీ దాటవేసే రకం కాదు.

నాణ్యత పరీక్షలో మిగిలిపోయిన మాత్రలు పారేయాలని రూలు. నేను పారేయలేదు. కోటు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేదాన్ని. బంగారంలాంటి మాత్రలు చెత్తలో పోస్తామా అనుకునేదాన్ని. తమ్ముడికి ఒళ్ళు వెచ్చబడితే రెండు, గొంతు గరగరమంటే రెండు. జ్వరం జారగానే మానేసేవాడు. మోతాదు పూర్తిగా వాడండి, మధ్యలో ఆపకండి అని డబ్బాల మీద అచ్చేసేది మనమే. మన ఇళ్ళలో ఒక్కరోజైనా పాటించామా? మన చేతిలో పుట్టిన మందు మనల్నేం చేస్తుందే అక్కా అనేవాడు. బయటివాళ్ళు మందును చూసి కాస్త భయపడతారు. మనం దాన్ని ముద్దు చేశాం. ఇలాంటి తప్పు ఈ ఫ్యాక్టరీ గోడల లోపల బతికినవాళ్ళే చేస్తారు.

అరకొర మందు తగిలినప్పుడు బలహీనమైన క్రిములు పోతాయి, మొండివి మిగులుతాయి. మిగిలినవాటి సంతానమంతా మొండిదే. ఇది నీకూ నాకూ నిద్రలో లేపి అడిగినా చెప్పగల పాఠం. ట్యాంకులు కడిగిన నీళ్ళు పోయే వెనక కాలవలో జరిగేదీ అదే. అందులోకి రోజూ మన మందు చుక్కచుక్కగా పారుతుంది. చచ్చేవి చచ్చాయి, చావనివి ఆ మందులోనే ఈదుతూ పెరిగాయి. మూడేళ్ళ కిందట వాడు ఆ కాలవ జల్లెడ సరిచేస్తుంటే పిక్క మీద ఇనుము గీసుకుంది. వేలెడంత గీత. ఇంటికొచ్చి నా మాత్రలే రెండు వేసుకుని పడుకున్నాడు.

ఆసుపత్రిలో పదకొండు రోజులు. తొమ్మిది రకాల మందులు. వాటిలో నాలుగోది వాడు ఇరవై రెండేళ్ళు తన ట్యాంకులో వండిన మందే. సూది గుచ్చుతుంటే సీసా మీద మన ఫ్యాక్టరీ గుర్తు చూసి, ఇది మనదే, ఇక ఫరవాలేదు అని నాతో అన్నాడు. అది కూడా పని చెయ్యలేదు.

పదకొండో రోజు వరండాలో నువ్వు అందరి ముందూ నన్ను పట్టుకుని, నీ జేబులో మాత్రలే నా మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నాయి అన్నావు. నేను ఊరుకున్నానా? ఆ మాత్రల డబ్బా నీ వంటింట్లోనే కదే ఉండేది అన్నాను. అంతే. మూడేళ్ళు. ఒకే కప్పు కింద పని చేస్తూ, మెట్ల మీద ఎదురైతే నువ్వు గోడ చూస్తావు, నేను చెప్పులు చూసుకుంటాను.

నువ్వన్నది నిజమే. ఇన్నాళ్ళకు రాసిస్తున్నాను, దాచుకో. నేనన్నదీ నిజమే. కానీ ఆసుపత్రి ల్యాబులోని డాక్టరమ్మ నాతో ఒకటి చెప్పింది. ఆ క్రిమి మీ తమ్ముడి ఒంట్లో ముదిరిందో, కాలవలో ముదిరిందో, మా ఆసుపత్రి మంచం మీదే అంటుకుందో ఎవరూ తేల్చలేరమ్మా, అందరం కలిసి నేర్పిన చదువది అంది. నా తప్పు నాకు తగ్గించడానికి ఇది రాయడం లేదు. తప్పు పంచుకునే పనిలో పడి అసలు పని వదిలేశామని రాస్తున్నాను.

నువ్వు వదిలేసి పైకెళ్ళావు. నేను వదల్లేదు.

(ఇక్కడ ఆపి ప్లేట్లు చూసొచ్చాను. ఇప్పుడు తొమ్మిదింపావు. ఎవరో వచ్చి తలుపు కొలతలు తీసుకుని పోయారు, అట్టపెట్టెల కోసమట. కొలుచుకోమన్నాను. కొలవడానికేం, ఎంతసేపైనా కొలుచుకోవచ్చు.)

వాడు పోయాక మట్టి తెచ్చేవాళ్ళు తగ్గారు. ఐదుగురం ఉన్న గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను మట్టమ్మ అంటున్నారని తెలుసు, నాకు ఆ పేరు బాగానే ఉంది. పోయిన ఏడాది ఆగస్టుకల్లా పొట్లాల పెట్టె దాదాపు ఖాళీ. అడుగున ఒకే ఒక్క పొట్లం. అది ఎవరిదో, ఎక్కడిదో చివర రాస్తాను, ఇప్పుడే అడక్కు. రెండేళ్ళకు పైగా ఎండిపోయి ఉంది. అయినా ఈ జాతి ఎండితే చావదు, కాచుకుని కూర్చుంటుంది. పన్నెండు ప్లేట్ల మీద పరిచాను.

వెచ్చటి అర తలుపు మీద నువ్వు అంటించిన చీటీ ఇంకా ఉంది. ఏడో రోజున పారేయాలి, మినహాయింపులు లేవు, అని నీ గుండ్రటి అక్షరాలు. అర చిన్నది, ప్లేట్లు ఎక్కువ, రూలు పెట్టక తప్పలేదు నీకు. నేను తప్పు పట్టను. ఏడో రోజున చూశాను. ఉన్నవి ఎప్పుడూ ఉండేవే, మన పాత చుట్టాలు. కొత్తది ఒక్కటీ లేదు. పారేద్దామని పన్నెండు ప్లేట్లూ ప్లాస్టిక్ కవరులో మూటకట్టాను. సరిగ్గా అప్పుడే అగ్నిమాపక కసరత్తు గంట మోగింది. ఏడాదికోసారి అందర్నీ ఎండలో నిలబెట్టి లెక్క చూస్తారే, అది. చేతిలో మూటను కింది అర మూలకు తోసి బయటికి పరుగెత్తాను. ఆ మూల దీపం ఎప్పుడో మాడిపోయింది. తిరిగొచ్చాక మూట సంగతే మరిచిపోయాను.

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇది నా మొదటి తప్పు కాదు. పనికొచ్చిన మొదటి తప్పు మాత్రం ఇదే.

ముప్ఫై మూడో రోజున అర కడుగుతుంటే మూట దొరికింది. కవరులో ఉండబట్టి ఎండిపోలేదు. పదకొండు ప్లేట్లు పూర్తిగా బూజుపట్టాయి. తొమ్మిదో ప్లేటులో ఒక మూల, బూజుకు కాస్త ఎడంగా, సున్నపు పిడచలాంటి బూడిదరంగు చుక్క. ఆవగింజలో సగం. దాని చుట్టూ బూజు ఆగిపోయి ఉంది, దగ్గరికి రానిస్తే కదా! నెల పట్టింది దానికి ఒళ్ళు విరుచుకుని లేవడానికి. ఇన్నేళ్ళూ ఏడో రోజున మనం ఇలాంటివెన్నింటిని చెత్తలో పోశామో ఎవరికి తెలుసు. అందరూ తొందరగా లేచేవాటినే పట్టుకున్నారు. అందుకే ఎక్కడ వెతికినా దొరికిన మందే మళ్ళీ దొరికి, ఇక మట్టిలో ఏమీ లేదని పెద్దలు తేల్చేశారు. మట్టిలో లేక కాదు, మనకు ఓపిక లేక.

రిజిస్టరులో దానికి నాలుగు వందల పదిహేడు అని నంబరు వేశాను.

డాక్టరమ్మ తమ్ముడి రక్తంలోంచి తీసిన క్రిమిని అప్పట్లోనే మనకో గొట్టంలో ఇచ్చింది, నువ్వు అప్పటికే పైకెళ్ళిపోయావు. గాజు పెట్టెలో చేతులు పెట్టి, ఆ క్రిమిని ప్లేటు మీద పరిచాను. దాని మీద ఆసుపత్రిలో వాడిన ఆ తొమ్మిది మందులూ అద్దిన కాయితపు బిళ్ళలు వరసగా పెట్టాను. పదో చోట నాలుగు వందల పదిహేడు రసం చుక్క. మర్నాడు పొద్దున చూస్తే తొమ్మిది బిళ్ళల అంచుల దాకా క్రిమి చాపలా పరుచుకుంది. మన మందు బిళ్ళ మీదికైతే ఎక్కి కూర్చుంది. పదో చోట మాత్రం ఖాళీ. గుండ్రంగా, శుభ్రంగా, బొటనవేలి గోరంత ఖాళీ.

ఏడ్చాను. దాచుకోకుండా ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని, నమ్మకం లేక మళ్ళీ చేశాను. ఏడుసార్లు చేశాను. డాక్టరమ్మ తన ల్యాబులో విడిగా చేసింది, ఆవిడకూ అదే ఉంగరం. విశ్వవిద్యాలయంలో రసాయనాలను పోల్చి చూసే యంత్రం దగ్గర కూర్చునే ఆయనకు రసం పంపితే, నా దగ్గరున్న పాత మందుల జాబితాలో దేనితోనూ ఇది కలవడం లేదండీ, ఎక్కడ పట్టారు దీన్ని అని ఫోను చేశాడు.

తమ్ముడితో పని చేసిన రెండో ట్యాంకు పెద్దాయన ఉన్నాడు కదా, ఆయన నెల కిందట తన చిన్న ట్యాంకు పది రోజులు నాకోసం ఖాళీ ఉంచాడు. పై అనుమతి లేకుండానే. ఆయన్నేమీ అనకు, నేనే బతిమాలాను. నాలుగో రోజున నురుగు పొంగి ఆయన చొక్కా అంతా తడిసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ ఇంటి మందు ఇలాగే పుడుతుందేమోనమ్మా అన్నాడాయన. చివరికి చిటికెడు పొడి వచ్చింది. మట్టిరంగు పొడి. నా బల్ల మీద చిన్న సీసాలో ఉంది.

నాకు పిచ్చి ఆశలు లేవు. ప్లేటు వేరు, మనిషి ఒళ్ళు వేరు. ఎలుకలకు పడాలి, మనిషి మూత్రపిండాలకు పడాలి, పదేళ్ళో పన్నెండేళ్ళో పడుతుంది, ఇలాంటివి పదిలో తొమ్మిది మధ్యలోనే రాలిపోతాయి. అన్నీ తెలుసు. ఒకటి మిగులుతుంది కదా, దానికోసమే కదా ఈ గది! అది కూడా ఎల్లకాలం పని చెయ్యదు. క్రిములు దాన్నీ నేర్చుకుంటాయి. అప్పటికి ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. అవి ఆగనప్పుడు మనమెలా ఆగుతాం?

మీ పెద్దల వాదన నా చెవిదాకా వచ్చింది. కొత్తది తయారైనా డాక్టర్లు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు, వేరే దారి లేనప్పుడే తీస్తారు, అదీ పదిరోజులే వాడతారు, ఇక అమ్మకాలెక్కడ అంటున్నారట. జీవితాంతం రోజూ మింగే మాత్రలైతే మేలట. డాక్టర్లు చేసేది సరైన పనే మరి, మనలా ముద్దు చేసి పాడుచెయ్యకుండా దాచడమే కావాలి. నీ గది బయట గోడకు మంటలార్పే ఎర్ర సిలిండరు వేలాడుతోంది. నేను చూస్తుండగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వాడకం లేదని దాన్ని పీకించి ఆ మేకుకు గొడుగు తగిలించుకున్నావా? లేదే! ఈ మాట వాళ్ళతో నువ్వు చెప్పు. చెప్పగలిగేది నువ్వొక్కదానివే, నీకు మట్టీ తెలుసు, మూడో అంతస్తూ తెలుసు.

నేనేం చేస్తానో కూడా రాస్తున్నాను, చాటుగా ఏదో చేశానని తర్వాత అనద్దు. గొట్టాన్ని దొంగచాటుగా బయటికి పంపను. ఎవరో కొనుక్కుంటామని వస్తే ఇవ్వను. ఈ జేబుతో చేసిన దొంగతనాలు చాలు. శుక్రవారం ఐదింటికి ఫ్రీజరు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. తాళం కోటు జేబులో ఉంటుంది, మునుపు మాత్రలు పెట్టుకున్న జేబులోనే. నా కుర్చీ జరిపి తాళం పగలగొట్టాలంటే మనుషుల్ని పంపు, నేనేమీ కొట్టను తిట్టను, లేవనంతే. ఉద్యోగం తీసేస్తారా, తీసెయ్యండి. నాలుగు నెలల ముందు తీసేసిన పుణ్యానికి మోకాళ్ళైనా బాగుపడతాయి.

మూడేళ్ళుగా నీ మీద కోపంగా ఉన్నాను, నీకు నా మీద అంతకంటే ఎక్కువే ఉండాలి. ఉండనీ. కోపంతోనే అయినా సరే, చదవకుండా మాత్రం పక్కన పెట్టకు.

ఉంటాను. అన్నం వేళకు తింటున్నావో లేదో, పైనుంచి దిగేటప్పుడు మొహం పీక్కుపోయి కనిపిస్తున్నావు. అదొక్కటీ రూలు ప్రకారం పెట్టుకో.

ఇట్లు,
మొండిదైన నీ ఆడబిడ్డ,
మట్టి గది

తా.క.: పొట్లం సంగతి చివర రాస్తానన్నాను. దాని మీద తెచ్చినవాళ్ళ పేరు లేదు. ఎక్కడిదో, ఏ రోజుదో మాత్రం ఉంది. ఆసుపత్రి వెనక, కుళాయి కింద, రాతి బెంచీ పక్కన. పదకొండో రోజు. వెచ్చటి అర తలుపు మీది చీటీలో ఉన్న ఆ గుండ్రటి అక్షరాలే. పొట్లం కట్టిన కాయితం డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ, విప్పితే లోపలివైపు తొమ్మిదో మందు పేరుంది. ఆ రోజు నువ్వు బెంచీ మీంచి లేచి కుళాయి దగ్గర వంగడం వరండాలోంచి చూశాను. చేతులు కడుక్కుంటున్నావనుకున్నాను. కాదు, మట్టి తీశావు. లోపల మనిషి పోతుంటే, ఏం చెయ్యాలో తోచక, చేతులకు అలవాటైన పని చేశావు. గది ఖాళీ చేసి పైకెళ్ళేటప్పుడు పెట్టెలో పడేసి ఉంటావు, తర్వాత మరిచిపోయి ఉంటావు. లేదా ఏడో రోజున చెత్తలో పోయిందనుకుని ఉంటావు. పోలేదమ్మా. వాణ్ణి చంపినదాన్ని ఆపింది నీ చెంచాడు మట్టే. అందుకని తాళం స్టోర్సుకు ఇవ్వను, నీ చేతికైతే ఇస్తాను. ఆవిరిలో పెట్టాలంటే నువ్వే దిగి వచ్చి, నీ చేత్తో పెట్టు. రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంచాను. నాలుగు వందల పదిహేడు ఎదురుగా ఆఖరి గడి ఖాళీగానే ఉంది, పెన్ను పక్కనే ఉంది. వారం రోజుల టీ నేను పోయిస్తాను.